ఫారెస్ట్ ఔలెట్ చూడాలంటే ముందు మీ వీధిలో పైడికంటిని చూడండి

"అన్నా, మేల్‌ఘాట్ వెళ్తే ఫారెస్ట్ ఔలెట్ గ్యారంటీగా కనిపిస్తుందా?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. గ్యారంటీ ఏమీ లేదు. మేల్‌ఘాట్ మహారాష్ట్రలో ఒక అడవి, ఫారెస్ట్ ఔలెట్ అక్కడ ఉండే అరుదైన చిన్న గుడ్లగూబ. అయినా అసలు అడగాల్సింది అది కాదు. కనిపిస్తే అదే ఫారెస్ట్ ఔలెట్ అని నీకు తెలుస్తుందా? నాకు మొదటిసారి తెలియలేదు.

ఆ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రాతంతా దాన్నుంచే పుట్టింది. రాత్రంతా రైల్లో కూర్చొని, తెల్లారి బస్సెక్కి, మర్నాడు చలిలో వణుకుతూ టేకు అడవి అంచున నిలబడితే ఎండుకొమ్మ మీద జానెడు గుడ్లగూబ కనిపించింది. సూర్యుడు సరిగ్గా దాని వెనకాల. పట్టుకున్న కెమెరా వదలకుండా ఒక రెండొందల ఫోటోలు తీశాను. తల నున్నగా, చుక్కల్లేకుండా కనిపించింది, అంతే, ఇంకేం కావాలి! ఇంటికి రాకముందే ఫోన్లోంచే నలుగురికీ పంపేశాను. వాళ్ళలో పెద్దాయన ఒకరు శుభాకాంక్షలు చెప్పకుండా "ఫోటోలో నీడ భాగం కొంచెం వెలుతురు పెంచి చూడు బాబూ" అన్నారు. పెంచాను. తల నిండా తెల్ల చుక్కలు, ఆవాలు చల్లినట్టు. పైడికంటి! మా ఇంటి వెనక చింతచెట్టు తొర్రలో తరతరాలుగా కాపురం ఉంటున్నదే. దాన్ని చూడటానికి రైలు టికెట్ కొనుక్కుని వెళ్ళానన్నమాట.

అందుకే ఈ గైడ్ మేల్‌ఘాట్‌లో కాకుండా మీ ఇంటి దగ్గర మొదలవుతుంది. విసుగనిపిస్తే మధ్యలోకి దూకండి, కానీ తర్వాత మళ్ళీ ఇక్కడికే వస్తారు.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. చిన్న గుడ్లగూబలు మూడింటితో మనకు పని. ఒకటి పైడికంటి, ఇంగ్లీషులో స్పాటెడ్ ఔలెట్, ఊళ్ళలో, పట్నాల్లో, పాత గోడల్లో, మామిడి తోటల్లో ఉండేది. రెండోది జంగిల్ ఔలెట్. మూడోది ఫారెస్ట్ ఔలెట్. జంగిలైనా ఫారెస్టైనా తెలుగులో అడవే కాబట్టి "అడవి పైడికంటి" అంటే దేన్ని అన్నట్టో ఎవరికీ అర్థం కాదు. ఈ రెండు పేర్లూ పెట్టినవాళ్ళు ఒకసారి మనల్ని అడిగి ఉంటే బాగుండేది. నేను ఇక్కడ ఇంగ్లీషు పేర్లే వాడతాను. మరాఠీ వాళ్ళకు ఈ ఇబ్బంది లేదు, పైడికంటిని పింగళా అంటారు, ఫారెస్ట్ ఔలెట్‌ని రాన్‌పింగళా అంటారు. ఈ రాన్‌పింగళా అన్న మాట గుర్తుపెట్టుకోండి, అక్కడ డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు హోంవర్క్. ఒక వారం రోజులు సాయంత్రం పొద్దుగూకే వేళకి, అంటే పక్షులన్నీ చెట్లకు చేరుతూ గోల చేసే సమయానికి, మీ వీధిలో ముసలి చెట్టు ఏదుందో దాని కింద నిలబడండి. చింత, రావి, మర్రి, వేప, ఏదైనా సరే, తొర్ర ఉండాలి. చెట్టు లేకపోతే పాడుబడ్డ గోడలో కన్నమైనా చాలు. ముందు అరుపు వినిపిస్తుంది: చిర్ర్ర్, చిర్ర్ర్, చివుక్ చివుక్ అని ఇద్దరు కుళాయి దగ్గర పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాత ఒకటి బయటికొచ్చి కొమ్మ మీదో కరెంటు తీగ మీదో కూర్చుంటుంది. మిమ్మల్ని చూడగానే తల కిందికీ పైకీ ఊపుతుంది, గుంజీలు తీస్తున్నట్టు. పైడి కన్ను అన్న పేరు ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది, కళ్ళు పసుపుపచ్చగా నేరుగా మీ మీదే ఉంటాయి.

పగలు కూడా దొరుకుతుంది, ఒక చిట్కా ఉంది. పిచ్చుకలు, పిగిలిపిట్టలు, పసుల పోలిగాడు అన్నీ కలిసి ఒకే కొమ్మ చుట్టూ చేరి గొంతు చించుకుంటున్నాయంటే ఆ కొమ్మల మధ్యలో ఒక పామో, పిల్లో, గుడ్లగూబో ఉన్నట్టే. ఆ గోల ఎటువైపు తిరిగి ఉందో అటు చూడండి. అడవిలో కూడా ఇదే చిట్కా.

చూసి ఊరుకోవద్దు. నాలుగు చోట్లు చూసి నోటుబుక్కులో రాయండి, ఎప్పుడూ ఇదే వరుసలో: తల, ఛాతి, పొట్ట, తోక. పైడికంటికి తల నిండా స్పష్టమైన తెల్ల చుక్కలు, వీపు మీద కూడా చుక్కలే. మెడ వెనక తెల్లటి పట్టీ, అరకొరగా. ఛాతీ పొట్టా తెలుపు, వాటి మీద గోధుమరంగు మచ్చలు గీతల్లా కిందిదాకా ఉంటాయి. తోక మీద సన్నటి తెల్ల చారలు. ఇది ఎదురెండలో ఎలా కనిపిస్తుంది, మబ్బులో ఎలా, దుమ్ములో స్నానం చేసొచ్చాక ఎలా, ఈకలు రాలే కాలంలో ఎలా, వానలో తడిసి పిల్లిపిల్లలా అయినప్పుడు ఎలా, అన్నీ చూడండి. వెలుగు వెనకనుంచి పడితే చుక్కలు మాయమవుతాయని నేను ఇక్కడే, మా చింతచెట్టు దగ్గరే, ఉచితంగా నేర్చుకుని ఉండాల్సింది.

రెండో మెట్టు జంగిల్ ఔలెట్. దీనికి కొంచెం కదలాలి, కానీ దూరం కాదు. నల్లమల, వికారాబాద్ వైపు అనంతగిరి, ఆదిలాబాద్ అడవులు, తూర్పు కనుమలు, ఇలా మన రెండు రాష్ట్రాల అడవుల్లో ఉంటుంది. ఇరవై సెంటీమీటర్లు, అంటే జానెడుకి ఒక వేలు తక్కువ. దీనికి చుక్కలు కాదు, చారలు: తల మీద, వీపు మీద, ఛాతీ మీద సన్నటి అడ్డచారలు, ఒళ్ళంతా గళ్ళ లుంగీ చుట్టుకున్నట్టు. రెక్కల్లో కొద్దిగా ఇటుకరంగు. పగలు కూడా అరుస్తుంది, ఆ అరుపు ఒకసారి వింటే మర్చిపోరు: క్వావ్... క్వావ్... అని నెమ్మదిగా మొదలై, వేగం పుంజుకుని, కువుక్ కువుక్ కువుక్ అని దూరంగా ఎవరో పాత మోటార్‌సైకిల్ స్టార్ట్ చేస్తున్నట్టు పైకెళ్ళి ఆగిపోతుంది. ఇది బాగా తెలిస్తే చాలు, దీని గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పను.

ఈ రెండూ కళ్ళకీ చెవులకీ అలవాటైతే మూడోది "ఇది ఆ రెండూ కాదు" అన్న అనుమానంగా ముందు తగులుతుంది. అదే సరైన దారి.

ఫారెస్ట్ ఔలెట్ సుమారు 23 సెంటీమీటర్లు, పైడికంటి కన్నా పిసరంత పెద్దది, కానీ అడవిలో టేపు పెట్టి కొలవరు కాబట్టి సైజు మీద పందెం కాయకండి. ఆకారం చూడండి. తల పెద్దది, ముక్కు బలంగా ఉంటుంది, కాళ్ళు దిట్టంగా, తెల్లటి ఈకలతో నిండి ఉంటాయి, చలికి తెల్ల మేజోళ్ళు తొడుక్కున్నట్టు. ఇప్పుడు మన వరుస. తల: దాదాపు చుక్కల్లేని బూడిద కలిసిన గోధుమరంగు, చాలా దగ్గరగా మంచి వెలుతురులో చూస్తే మసక చుక్కలు ఉంటే ఉంటాయి. ఛాతి: ఇదే నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు, పైడికంటికి మచ్చలు మచ్చలుగా ఉండే చోట దీనికి ముదురు గోధుమరంగు దాదాపు గచ్చు చేసినట్టు ఒకే ముద్దగా ఉంటుంది. పొట్ట: నడుమ శుభ్రమైన తెలుపు, పక్కల మాత్రం చారలు. ఛాతి దగ్గర గోధుమ ఆగి తెలుపు మొదలయ్యే చోట గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. తోక: ముదురు రంగు మీద వెడల్పాటి తెల్ల పట్టీలు, చివర తెలుపు. రెక్కల మీద కూడా పట్టీలు గట్టిగా ఉంటాయి.

ఈ నాలుగింటిలో ఒక్కటి మాత్రమే కనిపిస్తే పేరు పెట్టకండి. తల నున్నగా ఉంది అన్నదొక్కటే ఆధారమైతే అసలే వద్దు, నా గతి చెప్పాను కదా. ఛాతి, పొట్ట రెండూ కుదిరాక తోక కూడా కుదిరితే అప్పుడు ఊపిరి పీల్చుకోండి.

ఈ పొరపాటు నా ఒక్కడిదే అయితే ఇంత రాద్దును కాను. ఈ పిట్ట చరిత్ర మొత్తం ఇలాంటి పొరపాట్లే. 1872లో ఎఫ్.ఆర్. బ్లెవిట్ అనే ఆయన ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని ఫుల్‌ఝర్ ప్రాంతంలో ఒకదాన్ని సేకరిస్తే, 1873లో ఏ.ఓ. హ్యూమ్ దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు, బ్లెవిట్ పేరే తగిలించి. అవును, కాంగ్రెస్ పార్టీ పుట్టుక గురించి బళ్ళో చదువుకున్న హ్యూమే, ఆయనకు పక్షుల పిచ్చి ఉండేది. తర్వాత ఒడిశా వైపు ఒకటి, మహారాష్ట్రలో ఖాందేశ్ ప్రాంతంలో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించినవి కొన్ని, మొత్తం కలిపి ప్రపంచ మ్యూజియాల్లో ఏడు నమూనాలు. 1884తో అయిపోయింది. ఆ తర్వాత 113 ఏళ్ళు ఎవరికీ కనపడలేదు.

కనపడలేదు అంటే చూశామన్నవాళ్ళు లేరని కాదు. ఉన్నారు, ఫోటోలు కూడా చూపించారు, తీరా పరిశీలిస్తే పైడికంటులే. ఇంకొకాయన ఇంకా ముందుకెళ్ళాడు. కర్నల్ మైనర్ట్‌జ్‌హాగన్ అనే బ్రిటిష్ సైన్యాధికారి, 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర తానే ఒకదాన్ని కాల్చి తెచ్చానని చీటీ రాసి పెట్టాడు. పెద్ద పేరున్న మనిషి, ఎవరు కాదంటారు? సలీం అలీ, డిల్లాన్ రిప్లీ లాంటి పక్షిశాస్త్ర మహామహులు వెతికి వెతికి దొరక్క వెనక్కి వచ్చారు. చివరికి పామెలా రాస్ముస్సెన్, నైజెల్ కాలర్ అనే పక్షిశాస్త్రవేత్తలు మైనర్ట్‌జ్‌హాగన్ నమూనాని కుట్లూ దూదీ దాకా పరీక్షిస్తే తేలిందేమిటంటే అది డేవిడ్‌సన్ ఎప్పుడో సేకరించిన పిట్ట, లండన్ మ్యూజియంలోంచి దొంగిలించి, విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త చీటీ తగిలించినది! ఆ దొంగ చీటీని పక్కన పెట్టి, మిగతా నిజమైన చీటీల్లో రాసిన ఊళ్ళను పట్టుకుని వెళ్తే 1997 నవంబరులో రాస్ముస్సెన్, బెన్ కింగ్, డేవిడ్ ఆబట్ ముగ్గురికీ మహారాష్ట్రలో సాత్పూరా కొండల అడుగున, శహాదా దగ్గర, పట్టపగలు, ఆకుల్లేని చెట్టు మీద కూర్చుని కనిపించింది.

పట్టపగలు అన్న ముక్క గమనించారా? గుడ్లగూబ అనగానే టార్చిలైటు పట్టుకుని రాత్రి బయల్దేరతాం. ఈ పిట్టకి పగలే ఉద్యోగం.

ఇక్కడినుంచి ప్రయాణం సంగతి. ఇప్పుడు ఇది తెలిసిన చోట్లు మహారాష్ట్రలో మేల్‌ఘాట్, తోరణ్‌మాళ్, యావల్, ముంబయికి దగ్గర్లోని తాన్సా, మధ్యప్రదేశ్‌లో ఖండ్వా, బుర్హాన్‌పూర్ వైపు, గుజరాత్‌లో డాంగ్స్ జిల్లా పూర్ణా అభయారణ్యం. తాన్సాలో 2014లో కనపడేసరికి చాలామంది ఆశ్చర్యపోయారు, అప్పటిదాకా ఇది సాత్పూరా ఎండు టేకు అడవులకే పరిమితం అనుకున్నారు. మనవాళ్ళకి అనుకూలమైనది మేల్‌ఘాట్. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా అకోలాకి రైలుంది, అక్కడినుంచి అకోట్ వైపో, లేకపోతే అమరావతి జిల్లా పరత్‌వాడా మీదుగానో కొండల్లోకి వెళ్ళొచ్చు. పరత్‌వాడా దాటి సెమాడోహ్, హరిసాల్ వైపు వెళ్ళే రోడ్డంతా టేకు. అది టైగర్ రిజర్వు, దేశంలో మొట్టమొదట ప్రకటించిన తొమ్మిదింటిలో ఒకటి, కాబట్టి దిగి ఇష్టమొచ్చినట్టు నడవడం కుదరదు. సఫారీకి అటవీశాఖ బుకింగ్ ముందే చేసుకోండి, వానాకాలంలో అయితే తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

ఎప్పుడు వెళ్ళాలి? నన్నడిగితే డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరుల్లో అడవి పచ్చగా అందంగా ఉంటుంది, కానీ ఒక్కో టేకు ఆకు విస్తరంత, దాని వెనక గుడ్లగూబ కాదు గేదె నిలబడ్డా కనపడదు. జనవరి వచ్చేసరికి ఆకు రాలుతుంది, కొమ్మలు బయటపడతాయి. పైగా ఆ నెలల్లో చలి ఎక్కువ, చలి ఎక్కువైతే ఈ పిట్ట పొద్దున్నే ఎత్తైన చెట్టు చిటారుకొమ్మకెక్కి ఎండ కాగుతుంది, మన ముసలాళ్ళు అరుగు మీద కూర్చున్నట్టు. అంటే సూర్యుడు పైకొచ్చిన మొదటి రెండు మూడు గంటలు మీవి. పది దాటాక పెద్దగా కదలదు, మీరూ టీ తాగడానికి వెళ్ళిపోవచ్చు.

డ్రైవర్‌తో, గైడ్‌తో బండెక్కకముందే మాట్లాడండి. పులి కోసం కాదు, రాన్‌పింగళా కోసం వచ్చాం అని. ఇది చెప్పకపోతే వాళ్ళు పాపం పులి చూపించాలన్న ఆత్రంతో అడుగుజాడల వెంట బండి ఉరికిస్తారు, మీరు చిటారుకొమ్మలన్నీ వీడియో ఫాస్ట్ ఫార్వర్డ్‌లో చూసినట్టు చూస్తారు. అదే బండిలో పులి కోసం వచ్చిన కుటుంబం ఉంటే గొడవలు ఖాయం, కాబట్టి పిట్టల మనుషులు నలుగురు కలిసి వెళ్ళండి. 8x42 బైనాక్యులర్ సరిపోతుంది. ఫుల్ స్వెటర్, చెవులకి మఫ్లర్, ఓపెన్ జిప్సీలో ఆ చలి మామూలుగా ఉండదు.

చూసే పద్ధతి ఇది. దట్టమైన అడవి నడిమధ్యలో కాదు, చెట్లు కొంచెం ఎడంగా ఉండి కింద నేల కనిపించే చోట, పొలాల అంచున, ఎండిన వాగుల పక్కన బండి ఆపించండి. ఇంజన్ ఆపించండి. తూర్పు మీ వీపు వెనక ఉండేలా చూసుకోండి, ఎండ పిట్ట మొహం మీద పడాలి. తర్వాత ఒక్కో బోడికొమ్మ చివర బైనాక్యులర్‌తో నిదానంగా చూసుకుంటూ పోండి. చాలావరకు అది విరిగిన కొమ్మ మొద్దే అయ్యుంటుంది. పది మొద్దులు చూశాక పదకొండోది తల తిప్పుతుంది.

నాకు రెండో ప్రయాణంలో అలాగే జరిగింది. పొట్టు లేచిపోయిన అందుగు చెట్టు చివర ఒక మొద్దు. తెల్లటి పొట్ట మీద ఎండ నేరుగా పడుతోంది, పైన ఛాతి గోధుమరంగు ముద్ద, మధ్యలో ఆ గీత. అప్పుడు తోక కదిలింది. కిందికీ పైకీ కాదు, ఎడమకీ కుడికీ, చకచకా, గడియారం లోలకానికి కంగారు పుట్టినట్టు. ఇది దీని అలవాటు, వేట మీద ధ్యాస పడితే తోక పక్కలకి ఆడిస్తుంది, ఎంత ఉద్రేకపడితే అంత వేగంగా. మా గైడ్ చెయ్యి పైకెత్తి మాట్లాడొద్దన్నాడు. తోక ఒక్కసారి ఆగింది, పిట్ట రాయి జారినట్టు కిందికి దిగింది, ఎండుటాకుల్లో చర్రుమని చప్పుడు, మళ్ళీ పైకి లేచేసరికి కాళ్ళ మధ్య ఒక తొండ, తోక ఇంకా కొట్టుకుంటోంది. ముందు కన్నా కింది కొమ్మ మీద వాలి, దాన్ని కాలి కింద అదిమిపెట్టి మా వైపు చూసింది. ఫోటో తీశానా అంటే తీశాను, ఊగిపోయింది. పర్లేదు.

తొండ అన్నది యాదృచ్ఛికం కాదు. దీని తిండి మీద చేసిన ఒక అధ్యయనంలో దాదాపు 60 శాతం తొండలు, నలికిరులు లాంటి బల్లి జాతులే, 15 శాతం ఎలుకలు, పక్షులు 2 శాతం, మిగతావి పురుగులూ కప్పలూ. తొండలు ఎండెక్కాక బయటికొస్తాయి కాబట్టి వీటిని తినేది రాత్రి కాపలా కాస్తే ఆకలితో చస్తుంది. పిట్ట ఎందుకు పగటిపూట తిరుగుతుందో, నేల కనిపించే పలచటి అడవి ఎందుకు కావాలో ఈ ఒక్క లెక్కలో ఉంది. కొమ్మ మీద కదలకుండా కూర్చుని, కిందికి చూసి, దూకి పట్టుకోవడం, అంతే దీని వేట. గుబురు పొదలుంటే దీనికి పని జరగదు. అందుకే నేను మీకు చెట్టు కన్నా ముందు చెట్టు కింది నేల చూడమంటాను. ఆకురాలిన నేల మీద ఎండ మచ్చలు పడి, తొండలు తలూపుతూ కనిపిస్తుంటే అక్కడ అరగంట ఆగడం వృథా కాదు.

చెవి సంగతి. దీని గొంతు జంగిల్ ఔలెట్ అంత గట్టిది కాదు. ఊవ్‌వ్, ఉ-వ్వువ్ అని మెత్తగా, రెండు ముక్కలుగా, పొట్టిగా ఉంటుంది. క్వాక్ క్వాక్ అని పెరుగుతూ తగ్గుతూ కూడా అరుస్తుంది. ఆన్‌లైన్‌లో రికార్డింగులు దొరుకుతాయి, ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లయినా వినండి.

ఇంట్లో. ఇంట్లోనే. అడవిలో ఫోన్లో ఆ అరుపు పెట్టి పిట్టను పిలవకండి. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు, నా పక్కన ఎవరైనా స్పీకర్ తీస్తే నేను బండి దిగిపోతాను (దిగనివ్వరు, అది వేరే విషయం). జనవరి, ఫిబ్రవరి నెలలు వీటి జత కట్టే కాలం, అప్పుడు రికార్డింగ్ పెడితే వేరే మగపక్షి తన ఇలాకాలోకి వచ్చిందనుకుని పరుగెత్తుకొస్తుంది, అవును, చక్కటి ఫోటో వస్తుంది. కానీ ఆ పొద్దున తొండ పట్టాల్సిన సమయం మీ ఫోనుతో పోట్లాడటంలో గడుస్తుంది, ఆ తర్వాత వచ్చే బండి కూడా అదే పని చేస్తుంది, ఆ తర్వాతది కూడా. గూడు పెట్టాక ఆడది తొర్రలో ఉంటుంది, మగదే వేటాడి తెచ్చి ఇస్తుంది, ఆడది పిల్లలకి తినిపిస్తుంది. పిల్లలు తొర్ర వదిలి బయటికి రావడానికి 30 నుంచి 32 రోజులు పడుతుంది. తండ్రి పిట్ట తన పిల్లల్ని తానే తిన్న సందర్భాలు కూడా పరిశోధకులు చూశారు, అంటే వాటి సంసారం ఇప్పటికే చాలా సన్నటి తాడు మీద నడుస్తోంది, మనం దాన్ని ఊపనక్కర్లేదు.

తొర్ర కనిపిస్తే అక్కడినుంచి వెళ్ళిపోండి. ఫోటోలో తొర్ర, చెట్టు గుర్తుపట్టేలా ఉంటే ఎవరికీ పంపకండి, ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చెయ్యండి. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన ఫారెస్ట్ ఔలెట్లు వెయ్యి లోపే ఉంటాయని అంచనా. 2018లో అంతరించే ప్రాణుల అంతర్జాతీయ జాబితాలో (ఐయూసీఎన్ రెడ్ లిస్ట్) దీని ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించి, "తీవ్రంగా అంతరించే ప్రమాదం" అన్నదాంట్లో "తీవ్రంగా" అన్న మాట తీసేశారు, కొత్త చోట్లలో దొరికాయి కాబట్టి. అది చూసి కొంతమంది పెరిగిపోయాయి అనుకున్నారు. పిట్టలు పెరగలేదు, వెతికేవాళ్ళు పెరిగారు. మన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఇది షెడ్యూల్ 1, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితా, పులితో సమానం. అయినా గుడ్లగూబ గోళ్ళకీ ఈకలకీ గుడ్లకీ మంత్రాల మార్కెట్ ఉంది, దీపావళికి ముందు ఇంకా ఎక్కువ, ఒక పక్క లక్ష్మీదేవి వాహనం అంటూనే. మీరు సరదాగా పెట్టిన లొకేషన్ ఎవరి చేతికి వెళ్తుందో మీకు తెలీదు.

చెట్ల గురించి ఒక మాట, ఇది నాకిష్టమైన ముక్క కాబట్టి కొంచెం పక్కదారి. గూడుకి తొర్ర కావాలి, తొర్రకి ముసలి చెట్టు కావాలి. టేకు లేత ప్లాంటేషన్లలో తొర్రలు దొరకవు, కాబట్టి మధ్యమధ్యలో మిగిలిన వేరే చెట్లే దిక్కు. ఇది గూడు పెట్టిన చెట్లలో సోమిద ఒకటి. వృక్షశాస్త్రంలో దాని పేరు సోయ్మిడా, ఆ పేరు మన తెలుగు "సోమిద" నుంచే తీసుకున్నారు. అంటే ఎక్కడో సాత్పూరా కొండల్లో మరాఠీ గైడ్, కోర్కూ గిరిజనుల ఊళ్ళు, అమెరికా వాళ్ళు వెతికి పట్టుకున్న పిట్ట, అది కాపురం ఉండే చెట్టుకి మాత్రం లాటిన్ పుస్తకాల్లో తెలుగు పేరు. వంటచెరకు కోసం ముందు కొట్టేది కూడా ఇలాంటి తొర్ర పడ్డ, "పనికిరాని" చెట్లనే. మీ ఊళ్ళో ఎవరైనా ఎండిన చెట్టు కొట్టేస్తామంటే ముందు తొర్రలోకి ఒకసారి చూడమనండి, పైడికంటికి కూడా అదే ఇల్లు.

ఇక అనుమానాల సంగతి. మీరు మన ఆదిలాబాద్ టేకు అడవిలో నున్నటి తల గుడ్లగూబని చూశారనుకోండి. ఉద్వేగం వస్తుంది, నాకు తెలుసు. అప్పుడు ముందు వెలుగు ఎటునుంచి ఉందో రాయండి. తర్వాత తల, ఛాతి, పొట్ట, తోక. మెడ వెనక తెల్ల పట్టీ ఉందా? తోక ఎటు ఊపింది? టైమెంత? వీలైతే చోటు మారి, ఎండ మీ వెనక పడేలా తిరిగొచ్చి మళ్ళీ ఫోటో తీయండి. ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి ఒకటి, తగ్గించి ఒకటి. ఇంటికొచ్చాక నీడలు తెరిచి చూసి, అప్పటికీ చుక్కలు కనపడకపోతే, పక్షులు బాగా తెలిసినవాళ్ళు ఇద్దరికి విడివిడిగా చూపించండి, పేరు మీరు ముందే చెప్పకుండా. "ఇదేంటి?" అని మాత్రం అడగండి. తేలకపోతే నోటుబుక్కులో "చిన్న గుడ్లగూబ, ఏదో తెలియలేదు" అని రాసుకోవచ్చు, నా పుస్తకంలో అలాంటివి పదకొండున్నాయి.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పాను. మేల్‌ఘాట్ టికెట్లు ఫిబ్రవరికి చూసుకోమన్నాను, ఈలోగా రోజూ సాయంత్రం వాళ్ళ కాలనీ నీళ్ళ ట్యాంకు దగ్గర రావిచెట్టు కింద నిలబడమన్నాను. నాలుగో రోజు రాత్రి ఒక ఫోటో పంపాడు, సగం ఆకే ఉంది అందులో. కింద రాశాడు: "తల చుక్కలు, ఛాతి మచ్చలు, పొట్ట మచ్చలు, తోక కనపడలేదు. గుంజీలు తీసింది. పైడికంటి అనుకుంటున్నా, తోక రేపు చూసి చెప్తా."